పడవేసి చూచుట



సంతలో కుండ కొనువారు దానిని వ్రేలితో మ్రోగించి చూడక వెల యీయరు. కంప్యూటరుపై బాలురాడు ఒక ఆటయందును ఇట్టి పరీక్షయే కలదు. దాని పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రాం. అది మెక్సికో దేశమున తయారై 2011లో మొదట వెలువడినది. ఆడువాడు భాగములను తానే కూర్చి వ్యోమనౌకను కట్టవలెను. ఆకాశమునకు పంపి, మరల క్షేమముగ దింపవలెను.

ఆ ఆటలో ప్రతి భాగమునకును తాకిడి కింత అని ఒక పరిమితి కలదు. ఇంధనపు తొట్టి సెకనుకు 6 మీటర్ల వేగము వరకు ఓర్చును. ఒక్కరు కూర్చుండు గది 14 మీటర్ల వరకు. లోహపు దూలము 80 మీటర్ల వరకు. మన భూమిపై నిలువెత్తునుండి పడిన వస్తువునకు దాదాపు 6 మీటర్ల వేగము వచ్చును; 10 మీటర్ల ఎత్తునుండి పడినచో 14 వచ్చును. ఆటలోని నేలకును ఆకర్షణ అంతియే.

మా మనుమనితో కూర్చుండి నేనును పరీక్షించితిని. తొట్టి అడుగున నుండునట్లు నౌకను కట్టి, 5 మీటర్ల ఎత్తునుండి విడిచితిమి. తొట్టి ప్రేలిపోయినది. రెండవమారు, నేలను ముందుగ తాకునట్లు దూలములను కాళ్లవలె అమర్చి, అంత యెత్తునుండియే విడిచితిమి. నౌక చెక్కుచెదరలేదు. నౌకలో బలమైన భాగ ముండుట చాలదు. నేలను ముందు తాకునది బలమైనదిగా నుండవలెను.

ఆటలో పగిలిన నౌకను క్షణములో మరల నిలుపవచ్చును. నిజముగ నట్లు కాదు. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 యొక్క విక్రమ్ చంద్రునిపై కూలినది. పిమ్మట మన శాస్త్రజ్ఞులు నడుపు విధానమును సరిదిద్దిరి. కాళ్లను దృఢపరచి, సెకనుకు 2 మీటర్లకు బదులు 3 మీటర్ల వేగమున దిగినను ఓర్చునట్లు చేసిరి. 2023 జూలై 14న శ్రీహరికోటనుండి బయలుదేరిన క్రొత్త విక్రమ్, ఆగస్టు 23న చంద్రునిపై క్షేమముగ దిగినది.

కావున మీ యింటి బాలుడు ఆటలో నౌకను పగులగొట్టుచుండగా, కాలము వృథా యని కసరకుడు. ఎంత యెత్తునుండి విడిచితివి, ముందు ఏది తాకినది, ఈ మారు ఎట్లు కట్టెదవు అని యడుగుడు. బదులు చెప్పినచో వాడు నేర్చుచున్నాడని సంతసింపుడు. చెప్పలేనిచో, వాని ప్రక్కన కూర్చుండి మరియొకమారు పడవేయించి చూడుడు.