తీరపు ఇసుక, సూర్యేంధనం, మన భాష

(బరంపురంలో తెలుగు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



న్యాయవాదినైన నేను రసాయనశాస్త్ర విషయమొకటి ఎత్తుకొనడం మీలో కొందరికి వింతగా తోచవచ్చును. భాషాహక్కు అనగానే వాచకాలు, నామఫలకాలు గుర్తుకు రావడం మనకు అలవాటు. మన కాలికింది ఇసుకతో లోకం ఏమి చేయగలదో మన భాషలో తెలుసుకొనడం కూడ ఆ హక్కులో భాగమని మనవి చేయడానికే ఈ విషయం ఎంచుకున్నాను.

బొగ్గు, పెట్రోలు మండినప్పుడు వెలువడేది కార్బన్ డయాక్సైడ్. మన పాత వాచకాలు దానిని బొగ్గుపులుసు వాయువు అన్నవి. పారిశ్రామిక యుగానికి పూర్వం గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లున్న ఈ వాయువు నేడు 420 దాటినది. ఇంధనం మండి వాయువైనప్పుడు, ఆ వాయువును తిరిగి ఇంధనంగా మార్చలేమా? మార్చవచ్చును. కాని మండేటప్పుడు ఎంత శక్తి వెలువడినదో కనీసం అంత శక్తిని తిరిగి చెల్లించాలి. అప్పు తీర్చనిదే తాకట్టు విడిపించలేము గదా! ఆ చెల్లింపును సూర్యుని వేడితో జరపడమే ఈ విద్యలోని కీలకం.

స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో ఈ.టి.హెచ్. విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్డో స్టైన్‌ఫెల్డ్ బృందం ఇందుకు సీరియం ఆక్సైడ్ అనే పదార్థాన్ని వాడుతున్నది. దానిని స్పాంజి వలె రంధ్రాలుండేటట్లు మలచి, అద్దాలతో ఎండను దానిపై కేంద్రీకరిస్తారు. సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వద్ద అది తనలోని ఆమ్లజనిని కొంత విడిచిపెడుతుంది. పిమ్మట వేడి తగ్గించి, 900 డిగ్రీల ప్రాంతంలో బొగ్గుపులుసు వాయువును, నీటి ఆవిరిని దాని మీదుగా పంపుతారు. తాను కోల్పోయిన ఆమ్లజనిని అది వాటి నుండి లాగుకొంటుంది. మిగిలేవి కార్బన్ మోనాక్సైడ్, ఉదజని. సీరియం ఆక్సైడ్ ఖర్చు కాక పూర్వస్థితికి వచ్చి మరల పనికి సిద్ధమవుతుంది.

ఆ రెండు వాయువుల మిశ్రమాన్ని రాగితో చేసిన ఉత్ప్రేరకంపై నడిపితే మిథనాల్ వస్తుంది. ఇనుము లేక కోబాల్టు ఉత్ప్రేరకంపై నడిపితే కిరోసిన్ వంటి ద్రవాలు వస్తాయి. ఈ రెండవ పద్ధతిని జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ అనే శాస్త్రజ్ఞులు 1920ల లోనే కనుగొన్నారు.

దీని ఫలితాన్ని ఉన్నదున్నట్లు చెప్పాలి. ఈ.టి.హెచ్. విశ్వవిద్యాలయపు మేడమీద నెలకొల్పిన చిన్న యంత్రం గాలి నుండే బొగ్గుపులుసు వాయువును, నీటిని గ్రహించి, ఏడు గంటల పగటి పనిలో 32 మిల్లీలీటర్ల మిథనాల్ ఇచ్చినట్లు 2021లో ప్రకటించారు. స్పెయిన్‌లో మాడ్రిడ్ సమీపాన మోస్తోలెస్‌లో 169 అద్దాలతో, గోపురంతో నడిపిన పెద్ద యంత్రపు ఫలితాలు 2022లో వెలువడినవి. అందులో సూర్యశక్తి నుండి వాయుమిశ్రమంలోకి చేరినది 4.1 శాతం మాత్రమే. ప్రతి ఆవృత్తిలో వేడి ఎక్కించి దింపేటప్పుడు చాల భాగం వృథా అవుతున్నది. ఆ వేడిని తిరిగి వాడుకొనగలిగితే 20 శాతం దాటవచ్చునని పరిశోధకుల ఆశ. పైగా ఈ ఇంధనం మండినప్పుడు అదే వాయువు మరల గాలిలో కలుస్తుంది. కనుక గాలి నుండి తీసుకున్నప్పుడే జమాఖర్చు సరిపోతుంది. బ్యాటరీలతో దూరం ఎగురలేని విమానాల వంటివాటికి ఇది ఎక్కువ అవసరం.

ఇక మన సంగతి. సీరియం దొరికే ఖనిజాలలో ముఖ్యమైనది మోనజైట్. అది భీమునిపట్నం తీరంలోను, మన గంజాం తీరంలోను ఇసుకలో ఉన్నది. ఛత్రపురం వద్ద కేంద్రప్రభుత్వ సంస్థ ఐ.ఆర్.ఇ.ఎల్. ఆ ఇసుకను తవ్వి ఖనిజాలను వేరు చేస్తున్నది. జ్యూరిచ్ యంత్రంలోని సీరియం ఇక్కడిదని నేననడం లేదు. అదే లోహం ఇక్కడ ఉన్నదని, సీరియం వాడకం పెరిగితే లోకం చూపు ఈ తీరం మీద పడుతుందని అంటున్నాను. మోనజైట్‌లో రేడియోధార్మికత గల థోరియం కూడ ఉన్నది. కనుక తవ్వకం, శుద్ధి, వ్యర్థాల నిల్వ అన్నవి తీరవాసుల ఆరోగ్యానికి, చేపల వేటకు సంబంధించిన విషయాలు. ఇక్కడి మత్స్యకార కుటుంబాలలో అనేకం ఇంట తెలుగు మాట్లాడేవి.

చట్టం వారికేమి ఇస్తున్నది? 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టు నివేదిక సారాంశం ఇంగ్లీషులోను, రాష్ట్ర అధికారభాషలో లేక స్థానిక భాషలోను ఉండాలి. ఒడియాలో ఇచ్చి నియమం తీరినదనిపించుకొనడానికి ఆ ‘లేక’ దారి ఇస్తున్నది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అణు, కీలక ఖనిజాల గనులను బహిరంగ విచారణ నుండే మినహాయించినది. తెలుగులో అడిగే అవకాశం మాట అటుంచి, అడిగే సభే లేకుండా పోయే స్థితి ఇది. 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు, నాటి ముసాయిదా నోటిఫికేషన్‌ను ఎనిమిదవ షెడ్యూలు భాషలన్నింటిలోకి అనువదించవలెనని ఆదేశించినది. కేంద్రం దానిని సుప్రీంకోర్టులో సవాలు చేసినది. అయినను అభిప్రాయం అడిగేవారు అర్థమయ్యే భాషలో అడగాలన్న వాదానికి ఆ ఆదేశం బలమిచ్చినది.

మనకు మిగిలిన ఆధారం రాజ్యాంగం 350వ అధికరణం. యూనియన్‌లో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా కష్టం విన్నవించుకొనే హక్కు ప్రతి వ్యక్తికి అది ఇచ్చినది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు రాష్ట్రాలు వసతి కల్పించేందుకు యత్నించాలని 350-ఎ చెబుతున్నది. ఈ రెండింటిని జతపరచవలసినవారు మీరు. తెలుగులో ప్రశ్న వేయడం రానివారికి తెలుగులో అర్జీ ఇచ్చే హక్కు ఉండి ప్రయోజనమేమి?

కనుక నా కోరిక చిన్నది. ఆమ్లజని, ఉదజని, ఉత్ప్రేరకం అన్న మాటలతో ఈ పాఠాన్ని మీ తరగతిలో ఒక్క గంట చెప్పండి. ఆ పిల్లలు ఇంటికి వెళ్లి పెద్దలను అడిగి, ఇసుక గురించి, నీటి గురించి, వేట గురించి వారికున్న సందేహాలను తెలుగులోనే రాసి తేవాలి. ఆ కాగితాలు నాకు అందజేయండి. వాటిని 350వ అధికరణం కింద అర్జీలుగా కూర్చి, జిల్లా కలెక్టరుకు సమర్పించి, జవాబు వచ్చేవరకు వెంటపడే బాధ్యత నాది.