ముఖచిత్రము – మనోభావము
(సంఘ సాహిత్య గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



ముఖచిత్రమనగా నేడు నేను చెప్పబోవునది పుస్తకపు అట్ట మీది బొమ్మ కాదు. వాట్సాప్‌లోను, ఫేస్‌బుక్‌లోను మన పేరు ప్రక్కన చిన్న వలయములో కనబడు బొమ్మ. మన పిల్లలు దీనినే డీపీ యందురు.

ప్రభుత్వ కొలువులో నున్న మనకు ఫొటోలు క్రొత్త కావు. సర్వీసు పుస్తకములో నొకటి, గుర్తింపు కార్డు మీద నొకటి ఉండనే యున్నవి. అవి నియమము కోరగా తీయించుకొన్నవి. డీపీ యట్లు కాదు. ఎవరి బొమ్మను వారే యెన్నుకొందురు. కనుక అందులో మనసు కొంత తొంగిచూచుట సహజము. ఆ కొంత యెంత యన్నదే ప్రశ్న.

మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు దీనిని పరిశీలింపకపోలేదు. సెడర్, ఓయిషీ అనువారు కళాశాల విద్యార్థుల ఫేస్‌బుక్ ఫొటోలలోని చిరునవ్వును కొలిచి, నిండుగా నవ్వినవారు మూడున్నర సంవత్సరముల తరువాత జీవితమున హెచ్చు తృప్తి తెలిపిరని 2012లో ప్రకటించిరి. 2017లో రీస్, డాన్‌ఫర్త్ అనువారు 166 మంది ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన 43,950 చిత్రములను గణకయంత్రముచే పరీక్షింపజేసిరి. మానసికముగ క్రుంగినవారి చిత్రములలో నీలిచాయయు, చీకటియు అధికమని తేలినది. అయితే ఇవి సమూహమునకు చెందిన లెక్కలు. చీకటి బొమ్మ పెట్టిన ప్రతివాడును దుఃఖితుడనుట, గొడుగు పట్టిన ప్రతివాడును వానలో తడిసినాడనుట వంటిది.

మన నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగ విభజించినది. కన్నీరు, గగుర్పాటు, గొంతు తడబడుట సాత్త్వికములు. మనసు కదలనిదే అవి రావు. వేషభూషలు ఆహార్యము. అవి భావమును సూచించును గాని, భావము కావు. డీపీ ఆహార్యము. దానిని సాత్త్వికమని భ్రమించుటతోనే చిక్కంతయు వచ్చుచున్నది.

తన ముఖమునకు బదులు మందార పువ్వును పెట్టిన యువతిని చూచి కొందరు బిడియస్థురాలందురు, కొందరు గర్విష్ఠి యందురు. ఫొటో దుర్వినియోగమగునను భయముతో మన స్త్రీలు ముఖము చూపుటకు వెనుకాడుచున్నారని గ్రహించి, ఫేస్‌బుక్ సంస్థ 2017లో చిత్రరక్షణ సౌకర్యమును భారతదేశమున ప్రవేశపెట్టినది. ఆ పువ్వు వెనుక నున్నది బిడియమో గర్వమో కాదు, జాగ్రత్త కావచ్చును.

2022లో ఆగస్టు 2 నుండి 15 వరకు త్రివర్ణ పతాకమును డీపీగా పెట్టుకొనుమని ప్రధానమంత్రి పిలుపునిచ్చిరి. ఆగస్టు 2 పింగళి వెంకయ్యగారి జయంతి యగుటచే తెలుగువారికి అది ద్విగుణీకృతమైన సంతోషము. కాని పెట్టనివారికి దేశభక్తి లేదనుట సాహసము. వారిలో కూతురి పెండ్లి ఫొటోను తీసివేయ మనసొప్పనివారుండవచ్చును. బొమ్మ మార్చుట తెలియని పెద్దలును ఉండవచ్చును.

ఇక మనవంటి వలస జీవుల సంగతి. బదిలీపై ఢిల్లీ చేరిన యువకుడు ఇండియా గేటు ముందు నవ్వుచు నిలిచిన బొమ్మ పెట్టును. ఆ నవ్వు అతని సంతోషమునకు కొలత కాదు. ఊరిలోని తల్లికి వ్రాసిన క్షేమసమాచారపు జాబు.

మా కార్యాలయమున నొక మిత్రుని బొమ్మ హఠాత్తుగ మాయమై, బూడిదరంగు ఆకారము మాత్రము మిగిలినది. ఫోను మార్చినాడని యొకరు, అలిగి మన నంబర్లను అడ్డగించినాడని యొకరు ఊహించిరి. పెద్దవారొకరు మాత్రము ఏ యూహయు చేయక సాయంకాలము నేరుగ ఆయన క్వార్టరుకు పోయిరి. భార్య ఆసుపత్రిలో నున్నది. రాత్రులు తోడుండుటకు మనిషి లేడు. మరునాటి నుండి మేము వంతులు వేసికొంటిమి. ఆమె కోలుకొన్నది. బొమ్మ యెందుకు తీసితివని ఆయనను ఎవరును అడుగలేదు. అడుగవలసిన ప్రశ్న అది కాదు గదా!

కావున నా మనవి ఒక్కటే. బొమ్మ మారినపుడు దానికి అర్థము కట్టకుడు. చేతులు జోడించిన చిహ్న మొకటి పంపి ఊరకుండకుడు. నాలుగింటిలో వాచికమనునది మనకు మిగిలియే యున్నది. ఫోను చేసి, "ఏమండీ, అందరును కులాసాయేనా?" అని అడుగుడు. సమాధానమిచ్చు గొంతులో తడబాటున్నచో, అదియే సాత్త్వికము. దానిని నమ్ముడు.