వాగు అడుగున ఒక మహా వంశం: క్యాడిస్ ఈగల వైవిధ్యం, విస్తృతి, సంరక్షణ

క్యాడిస్ ఈగలు సీతాకోకచిలుకలకు దగ్గరి బంధువులు. కీటక శాస్త్రం వీటిని ట్రైకాప్టెరా అనే క్రమంలో చేర్చింది. సీతాకోకచిలుక రెక్కల మీద పొలుసులుంటే, వీటి రెక్కల మీద సన్నని నూగు ఉంటుంది. లార్వా, ప్యూపా దశలు నీటిలో గడుస్తాయి. రెక్కలొచ్చాక గట్టు మీది చెట్లలో కొద్ది రోజులో, కొద్ది వారాలో బతికి, జతకట్టి, నీటిలోనో నీటి అంచునో గుడ్లు పెట్టి చనిపోతాయి. మనుషుల కంట పడేది ఎక్కువగా ఈ రెక్కల పురుగే, అదీ చీకటి పడ్డాక దీపం చుట్టూ. ఆయుష్షులో పెద్ద భాగం మాత్రం రాళ్ల కింద, రాలిన ఆకుల మధ్య గడిచిపోతుంది.

ఈ వంశం ఇంతగా విస్తరించడానికి ఆధారం పట్టు. లార్వా నోటి దగ్గర నుంచి తీసే పట్టు నీటిలోనూ అంటుకుంటుంది. దాని ప్రోటీన్లలోని సెరిన్‌కు ఫాస్ఫేట్ తోడై, అది కాల్షియంతో ముడిపడటం వల్ల తడి రాయిని కూడా దారం గట్టిగా పట్టుకుంటుంది. రయాకోఫిలా ప్రజాతి లార్వాలు గూడు లేకుండా తిరుగుతూ వేటాడతాయి, ప్యూపాగా మారేటప్పుడే గూడు కట్టుకుంటాయి. హైడ్రోసైకిడే కుటుంబం లార్వాలు పారే నీటికి ఎదురుగా రాళ్ల సందులో చిన్న వల అల్లుతాయి. కొట్టుకొచ్చిన నాచు తునకలు, చిన్న పురుగులు ఆ వలలో చిక్కితే, పక్కనున్న గూటిలోంచి వచ్చి ఏరుకు తింటాయి. ఆ దారాలు గులకరాళ్లను కలిపి పట్టుకోవడం వల్ల వాగు అడుగు తొందరగా కోసుకుపోదని ప్రయోగాలు చూపాయి.

ఇక గొట్టాలు కట్టే కుటుంబాలు. ఇసుక రేణువులు, పుల్లలు, కోసిన ఆకు ముక్కలు, ఏది దొరికితే అది కాక తమ వంశానికి అలవాటైన సామగ్రినే ఇవి ఎక్కువగా ఎంచుకుంటాయి. లోపలున్న లార్వా పొట్టను అలలా కదిలిస్తూ గొట్టం గుండా నీటిని పారిస్తుంది. దాంతో మొప్పలకు ఆక్సిజన్ అందుతుంది. హెలికోసైకీ ప్రజాతి లార్వా ఇసుక రేణువులతో కట్టే గూడు నత్తగుల్లలా మెలి తిరిగి ఉంటుంది. 1834లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఐజాక్ లీ దానిని నిజంగానే నత్తగా భావించి కొత్త జాతిగా వర్ణించాడు.

ఇప్పటివరకు 16,000కు పైగా క్యాడిస్ జాతులకు పేర్లు పెట్టారు. ఇవి సుమారు 50 కుటుంబాలుగా ఉన్నాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ జాతులున్నది భారత ఉపఖండం నుంచి దక్షిణ చైనా, ఇండోనేసియా దాకా పరచుకున్న ప్రాచ్య మండలంలో. అక్కడ 5,000కు పైగా జాతులు నమోదయ్యాయి. భారతదేశపు వాటా వెయ్యికి పైమాటే. ఒక్క కిమారా ప్రజాతిలోనే వందల జాతులున్నాయి, అందులో ఎక్కువ భాగం ఉష్ణ మండలానివే. చల్లని ఉత్తర దేశాల చెరువుల్లో, వాగుల్లో లిమ్నెఫిలిడే కుటుంబానిది పైచేయి. వెచ్చని నీళ్లలో లెప్టోసెరిడే, హైడ్రోసైకిడే లాంటివి ముందుంటాయి.

ఒక కొండ వాలును పై నుంచి కింది దాకా గమనిస్తే ఈ వైవిధ్యానికి కారణం తెలుస్తుంది. ఊట దగ్గర చల్లని నీరు, చెట్ల నీడ, రాలిన ఆకులు ఉంటాయి. అక్కడ ఆకులు కొరికి తినే గొట్టపు పురుగులు ఎక్కువ. అవి వదిలిన సన్నని తునకలు నీటితో దిగువకు పోతాయి. కొంచెం దిగువన, ఎండ తగిలే రాళ్ల మీద నాచు గీరి తినేవి ఉంటాయి. ఇంకా కింద, వెడల్పైన ప్రవాహంలో వలలు కట్టేవి ఆ తునకలనే వడగట్టుకుంటాయి. నీటి వేగం, చలువ, అడుగున ఉన్న రాయి మారిన చోటల్లా జాతి మారుతుంది. పక్క లోయలోని వాగుకు వెళ్లాలంటే మధ్యలో పొడి గట్టు దాటాలి. చాలా జాతులు దూరం ఎగరలేవు. అందుకే లోయకొక జాతి చొప్పున విడిపోవడం కొండ ప్రాంతాల్లో మామూలైంది.

ఈ విడిపోవడం వెనుక కోట్ల ఏళ్ల చరిత్ర ఉంది. ఖండాలన్నీ కలిసి ఉన్న కాలంలోనే క్యాడిస్ వంశం పుట్టింది. స్టెనోసైకిడే కుటుంబం నేడు ఆసియాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో విడివిడిగా కనిపిస్తుంది. పాత భూభాగాలు చీలిన గుర్తు అది. చల్లని కొండ వాగుల జాతుల గురించి అమెరికా శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ రాస్ 1956లో ఒక గ్రంథం వెలువరించాడు. ఆసియా, ఉత్తర అమెరికా కొండల మధ్య ఈ వంశాలు ఎలా రాకపోకలు సాగించాయో అందులో చర్చించాడు. ఐరోపాలో డ్రూసస్ ప్రజాతి జాతులు అనేకం ఒక్కో పర్వత శ్రేణికే పరిమితం. మంచు యుగాల్లో ఎక్కడెక్కడ తలదాచుకున్నాయో వాటి డీఎన్ఏలో నేటికీ చదవవచ్చు. బైకాల్ సరస్సులో ఎగరడం మానుకుని నీటి మీద జారే జాతులున్నాయి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా తీరాల్లోని ఫిలనైసస్ ఏకంగా సముద్రంలో పెరుగుతుంది, గుడ్లను నక్షత్ర చేపల శరీరంలో పెడుతుంది.

భారతదేశంలో ఈ చిత్రం రెండు పెద్ద కొండ వరుసల చుట్టూ తిరుగుతుంది. హిమాలయాల్లో రయాకోఫిలా జాతులు కుప్పలుగా ఉన్నాయి. పశ్చిమ కనుమల్లో మరెక్కడా లేని జాతులు అనేకం. హిమాలయ వంశాలు దక్షిణాదికి ఎలా చేరాయన్న ప్రశ్నకు మత్స్య శాస్త్రజ్ఞుడు సుందర్ లాల్ హోరా 1940లలో సాత్పురా సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చాడు. కొండవాగుల చేపలు వింధ్య సాత్పురా శ్రేణుల మీదుగా పడమటికి వచ్చి, అక్కడి నుంచి దక్షిణానికి దిగాయన్నది దాని సారం. ఆ సిద్ధాంతం మీద వాదం ఇప్పటికీ నడుస్తోంది. అదే నీటిని నమ్ముకున్న క్యాడిస్ ఈగలు దానికి మంచి పరీక్ష కాగలవు. స్విట్జర్లాండ్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన ఫెర్నాండ్ ష్మిడ్ భారతదేశపు కొండలు తిరిగి సేకరించిన నమూనాలే ఈ దేశపు క్యాడిస్ విజ్ఞానానికి నేటికీ పునాది. ఆయన రయాకోఫిలా మీద రాసిన బృహద్గ్రంథం 1970లో వచ్చింది.

ఒకే లోయకు, ఒకే రకం నీటికి కట్టుబడటం వల్ల జాతులు పెరిగాయి. ఆ కట్టుబాటే ఇప్పుడు వాటికి ముప్పు తెస్తోంది. వాగు పాడైతే పోవడానికి వేరే చోటు ఉండదు. మురుగు కలిస్తే ఆక్సిజన్ పడిపోతుంది. గట్టు చెట్లు కొట్టేస్తే నీరు వేడెక్కుతుంది, ఆకుల ఆహారం ఆగిపోతుంది. పై నుంచి కొట్టుకొచ్చే ఒండ్రు రాళ్ల సందులను పూడ్చేస్తుంది. పురుగుమందులు పంటను తినే పురుగుకూ, నీటి పురుగుకూ తేడా చూడవు. రాత్రి వెలుతురు, నిగనిగలాడే అద్దాల మేడలు కూడా దారి తప్పిస్తాయి. బుడాపెస్ట్‌లో డాన్యూబ్ ఒడ్డున అద్దాల భవనాలకు క్యాడిస్ ఈగలు గుంపులుగా వాలడాన్ని హంగరీ పరిశోధకులు నమోదు చేశారు. అద్దం నుంచి వచ్చే ధ్రువిత కాంతిని అవి నీరని పొరబడుతున్నాయి.

ఆనకట్టల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విద్యుత్ గిరాకీని బట్టి నీరు వదిలినప్పుడు దిగువన నది రోజూ ఎక్కి దిగుతుంది. నీటి అంచున పెట్టిన గుడ్లు తేలి ఎండిపోతాయి. అమెరికాలో కొలరాడో నది మీది గ్లెన్ కాన్యన్ ఆనకట్ట దిగువన ఈ కారణాన్ని గుర్తించి, 2018 వేసవిలో వారాంతాల్లో నీటిమట్టాన్ని తక్కువగా, నిలకడగా ఉంచారు. పడవ నడిపేవాళ్లు దీపపు ఉచ్చులతో పట్టిన పురుగుల లెక్కలో క్యాడిస్ ఈగలు పెరిగాయి. ఆనకట్టను కూల్చకుండానే నదికి ఊపిరి పోయవచ్చని ఇది రుజువు చేసింది.

నీటి నాణ్యత కొలవడానికి ఈ పురుగులను వాడటం చాలా దేశాల్లో స్థిరపడింది. బ్రిటన్‌లో రూపొందిన బీఎండబ్ల్యూపీ పద్ధతిలో గొట్టాలు కట్టే క్యాడిస్ కుటుంబాలు చాలావాటికి అత్యధికంగా 10 మార్కులు, హైడ్రోసైకిడేకు 5, మురుగును తట్టుకునే ఎర్రపురుగుల కుటుంబానికి 2 ఉంటాయి. కుటుంబం పేరుతో సరిపెట్టుకునే ఈ పద్ధతి తేలిక, చవక. కానీ సంరక్షణకు అది చాలదు. రైన్ నదిలో ఉండిన హైడ్రోసైకీ టోబియాసి 1930ల తర్వాత కనిపించలేదు. 1977లో దానికి శాస్త్రీయ నామం పెట్టేనాటికే అది అంతరించింది. అదే ప్రజాతిలోని వేరే జాతులు రైన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. కుటుంబం లెక్క మాత్రమే చూసేవారికి ఆ నదిలో ఏ లోటూ కనిపించదు.

కాబట్టి జాతి దాకా పోవడం తప్పనిసరి. క్యాడిస్ జాతిని తేల్చేది ఎక్కువగా మగ పురుగు జననాంగాల నిర్మాణం. భారతీయ జాతుల్లో చాలావాటి లార్వా ఏదో, పెద్ద పురుగు ఏదో జతపరచాల్సి ఉంది. డీఎన్ఏ బార్‌కోడ్ ఆ పనిని సులువు చేసింది. తెల్లబట్ట, దీపం, ఆల్కహాల్ సీసా, సూక్ష్మదర్శిని ఉన్న కళాశాల ఏదైనా ఇందులో పాలుపంచుకోవచ్చు.

తెలుగు నేలకు ఈ పని దూరం కాదు. కృష్ణ మహాబలేశ్వరం దగ్గర, గోదావరి త్ర్యంబకేశ్వరం దగ్గర పశ్చిమ కనుమల్లోనే పుడతాయి. తూర్పు కనుమల్లో అరకు, మారేడుమిల్లి, పాపికొండల వాగులు గోదావరికీ, తీరపు ఏర్లకూ నీళ్లిస్తాయి. పెద్ద నదుల పేర్లతో పథకాలు వస్తాయి గానీ, క్యాడిస్ సంపద ఉండేది పేరు లేని పిల్లవాగుల్లో, ఊటల్లో. వాగు రెండు గట్ల మీదా చెట్లను ఉంచాలి. చెక్‌డ్యామ్ కట్టేముందు దిగువకు ఏడాది పొడవునా ఎంత నీరు అందుతుందో చూడాలి. ఇసుక తవ్వకం గుడ్లు పెట్టే చోట్లకు రాకుండా ఆపాలి. జంతుశాస్త్ర విభాగాలు తమ చుట్టుపక్కల వాగులను ఎంచుకుని, ఋతువు ఋతువుకూ జాతుల పట్టిక తయారుచేసి, నమూనాలను భద్రపరచాలి. టోబియాసికి పట్టిన గతి మరో జాతికి పట్టకుండా ఉండాలంటే, పేరు పెట్టే పనీ వాగును కాపాడే పనీ ఒకేసారి, ఇప్పుడే మొదలుపెట్టాలి.