చోటు లేదని చెప్పే ధైర్యం

పశువైద్య పట్టాలు అందుకున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

మీలో చాలామంది పాడి గేదెలు, గొర్రెలు, కోళ్ల వైద్యానికే వెళ్తారు. అయినా ఈ రోజు కుక్కల షెల్టర్ల గురించే మాట్లాడతాను. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని వీధికుక్కల్ని పట్టి షెల్టర్లకు తరలించాలని, మళ్లీ అక్కడ వదలొద్దని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కుక్కలన్నీ మీలో కొందరి చేతికే వస్తాయి.

షెల్టర్‌లో ఏ ప్రాణినీ చంపకూడదన్న ఉద్యమం అమెరికాలో ఊపందుకుంది. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రిచర్డ్ అవాంజినో నడిపిన జంతు సంక్షేమ సంస్థ, దత్తతకు పనికొచ్చే ఏ కుక్కనూ పిల్లినీ చావనివ్వబోమని, ఎవరూ తీసుకోకపోతే తామే తీసుకుంటామని నగరంతో ఒప్పందం చేసుకుంది. ఆ దేశపు షెల్టర్లలో 2011 ప్రాంతంలో ఏటా 26 లక్షల జంతువుల్ని చంపేవారని అంచనా. 2019 నాటికి అది 9.2 లక్షలకు దిగింది. ఇది గొప్ప విజయమే. కానీ వచ్చినవాటిలో నూటికి తొంభై బతికి బయటపడాలన్న లెక్క నిలబెట్టుకోవడానికి కొన్ని షెల్టర్లు గేట్లు మూశాయి. గేటు బయట పోయిన ప్రాణం ఆ లెక్కలోకి రాదు.

మన దగ్గర చోటు చాలలేదని కుక్కను చంపడానికి 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు ఒప్పుకోలేదు, 2023లో వాటి స్థానంలో వచ్చినవీ ఒప్పుకోవు. ఆ నియమాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. అయితే చంపనంత మాత్రాన దయ చూపినట్టు కాదు. ఆరు కుక్కలకు కట్టిన గదిలో ఇరవైని కుక్కితే ఏమవుతుందో దగ్గరికెళ్లి చూడండి. అన్నం తొట్టి పెట్టగానే బలమైనవి మీద పడతాయి. వెనక గోడ పక్కన ఒకటి తోక ముడుచుకుని నిలబడుతుంది. దాని చెవి మీద పాత కాటు మానకముందే కొత్త కాటు. తడి ఆరని నేల మీద గజ్జి ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. పార్వో వైరస్ సోకిన ఒక్క కుక్కపిల్ల వస్తే చాలు, ఆ వైరస్ నెలల తరబడి అక్కడే ఉంటుంది. టీకా పడని కుక్కపిల్లలు నెత్తురు విరేచనాలతో వరసగా పోతాయి. ఎవరూ సూది వేయలేదు కనుక రిజిస్టర్‌లో సహజ మరణమని రాస్తారు. నేను ఒప్పుకోను. రద్దీయే వాటిని చంపింది.

నయంకాని జబ్బుతో, ప్రాణం నిలవని గాయంతో మూలిగే కుక్కకు కారుణ్య మరణం ఇవ్వడానికి నిబంధనలు దారి ఉంచాయి. మరో కుక్క చూస్తుండగా ఆ పని చేయకూడదని 2001లోనే రాశారు. ఆ నిర్ణయం నుంచి తప్పుకోకండి. రోజుల తరబడి ఆ కుక్కను అలా మూలగనివ్వడం జాలి కాదు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి కుక్కలు పొట్టనపెట్టుకున్నాయి. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి కుక్కల హక్కుల గురించి చెప్పే నోరు నాకు లేదు. వాళ్లకు మనం బాకీపడింది పని. ప్రతి వార్డులో పదింట కనీసం ఏడు కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబీస్ టీకా పడాలి. చెన్నైలోని జంతు సంక్షేమ సంస్థ బ్లూక్రాస్ ఈ దారి 1964లోనే చూపింది. నేటికీ ఎన్నో మున్సిపాలిటీల్లో ఆపరేషన్ థియేటర్ కంటే కుక్కల్ని పట్టే బండే ముందొస్తోంది.

అందుకే ఉద్యోగంలో చేరిన మొదటి రోజే గదులు కొలవండి. ఎన్ని కుక్కలు పడతాయో, ఎంతమంది సిబ్బంది కావాలో, జబ్బువాటికి వేరే గది ఉందో లేదో రాసి, సంతకం పెట్టి కమిషనర్ గారికి పంపండి. ఇంకో యాభై పంపుతున్నాం, ఎలాగో సర్దుకోండి అని ఫోన్ వస్తుంది. అప్పుడు ఆ కాగితం చూపించి చోటు లేదనండి. ఆ యాభైకీ ఆపరేషన్ చేసి, టీకా వేసి, నిబంధనలు ఒప్పుకున్నవాటిని వాటి వీధికే పంపేందుకు ఎన్ని రోజులు, ఎంతమంది మనుషులు కావాలో అదే ఫోన్‌లో అడగండి.