మండువా ఇంట్లో చేతి గుర్తులు



గోదావరి జిల్లాల్లో పాత మండువా లోగిలి కనబడితే ఎవరైనా ముందు దాని పెద్దరికమే చూస్తారు. ఎన్ని స్తంభాలు, ఎన్ని గదులు, అరుగు ఎంత పొడుగు అని లెక్కలు వేస్తారు. నేను మాత్రం మిమ్మల్ని కాసేపు సింహద్వారం దగ్గరే నిలబెడతాను. గుమ్మం పైన మధ్యలో గజలక్ష్మి, అమ్మవారికి అటూ ఇటూ పూలతీగలు, రెండు చివర్లా రెండు చిలకలు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక చిలక ముక్కు కాస్త పొడుగ్గా, ఇంకో చిలక మెడ కాస్త ఎక్కువ వంపుగా కనిపిస్తాయి. వడ్రంగి కంటికొలతతో చెక్కాడు. రెండో చిలక దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఇంకొంచెం ధైర్యం చేసింది. ఆ ఇంట్లో నాకు అన్నిటికంటే విలువైనది ఆ కాస్త తేడాయే.

ఆ చెక్క ఎక్కడిది? అతనికి అంత తీరిక ఎలా దొరికింది? దీనికి జవాబు 1852 నుంచి మొదలుపెట్టాలి. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట ఆ ఏడు పూర్తయింది. కాలువలు పారాయి, వరి పండింది, ఒకటి రెండు తరాల్లో డెల్టా రైతు చేతిలో నాలుగు డబ్బులు నిలిచాయి. సరిగ్గా ఆ 1852లోనే ఇంగ్లీషువాళ్ళు రంగూన్‌తో సహా దిగువ బర్మాను పట్టుకున్నారు. తర్వాతి కాలంలో కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడలెక్కి మనవాళ్ళు వేలాదిగా అక్కడికి కూలికి వెళ్ళారు. రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చారు. అక్కడి టేకు సముద్రం దాటి ఇక్కడికి వచ్చింది. మండువా స్తంభాన్ని చేత్తో నిమిరేటప్పుడు చెక్కినవాడితోపాటు ఆ మూటలు మోసినవాళ్ళూ నాకు గుర్తుకొస్తారు. ఆ లోగిళ్ళ సంగతి చెప్పేటప్పుడు వాళ్ళ ఊసు ఎత్తకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంటి కప్పుదీ ఇలాంటి కథే. పూర్వం నాటు పెంకును కుమ్మరి చేసేవాడు. సారె మీద గొట్టంలా మట్టిని లేపి, నిలువుగా రెండుగా చీల్చి, ఆరబెట్టి, ఆవంలో కాల్చేవాడు. అందుకే ఆ పెంకులు ఏ రెండూ ఒక్కలా ఉండవు. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. అచ్చులో నొక్కిన పలక పెంకులు క్రమంగా దక్షిణాది అంతటా పరుచుకున్నాయి. వాటిలో కొన్నిటి మీద 1865 అనే అంకె ఉబ్బెత్తుగా కనబడుతుంది. అది ఇల్లు కట్టిన సంవత్సరమని పొరబడే వీలుంది గానీ, అది ఫ్యాక్టరీ పుట్టిన ఏడు.

గోడల దగ్గర ఇంకొంచెం ఆగుదాం. సున్నాన్ని నానబెట్టి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే రాతి గానుగలో మెత్తగా నూరేవారు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి పాకానికి తెచ్చేవారు. తాపీ మేస్త్రి పొర మీద పొర వేసి, ఆఖరి పొరను నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుపు తెచ్చేవాడు. గోడ పచ్చిగా ఉండగానే ఆ పని ముగించాలి, కాబట్టి తొందరా ఓర్పూ రెండూ ఒక్క చేతిలోనే ఉండాలి. అదే సున్నంతో ఇంటి ముఖాన పూలు, సింహాలు, ఇంటాయన పేరు, కట్టిన సంవత్సరం పోతపోసేవారు. మేస్త్రి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. అది నన్ను బాధిస్తుంది.

బర్మాలో గడించిన సొమ్ము తమిళ దేశపు చెట్టినాడులో ఇంతకంటే పెద్ద భవనాలు లేపింది. అక్కడి ఆత్తంగుడి పలకల తయారీ ఒక్కసారైనా చూడదగ్గ పని. అద్దం పలక మీద లోహపు అచ్చు పెట్టి, అరల్లో రంగు సిమెంటును గరిటెతో పోస్తారు, అచ్చు లేపేసి వెనక ఇసుక, సిమెంటు నింపుతారు. కొలిమి అక్కర్లేదు. నీళ్ళలో నానబెట్టి ఆరబెడితే చాలు, నునుపంతా ఆ అద్దం ఇచ్చినదే. పోసేటప్పుడు చెయ్యి కదిలిన తీరును బట్టి పువ్వు అంచు ప్రతి పలకలోనూ కొద్దిగా మారుతుంది.

1942లో జపాను సేనలు రంగూన్‌ను పట్టుకున్నాయి. టేకు రాక ఆగింది. యుద్ధం ముగిశాక సిమెంటు, ఇనుము వచ్చాయి, స్లాబు ఇళ్ళు లేచాయి. ఉమ్మడి కుటుంబాలు వాటాలు పంచుకున్న చోట మండువా మధ్యలో అడ్డుగోడలు వెలిశాయి. పనితనం అక్కడితో ఆగిపోయిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. స్లాబు ఇళ్ళ కిటికీలు చూడండి. వెల్డింగు షాపులో ఇనుప చువ్వలు వంచి చేసిన నెమళ్ళు, తామరలు, ఉదయించే సూర్యుడు, ఇంటావిడ పేరులో మొదటి అక్షరం ఉంటాయి. మొజాయిక్ గచ్చు చూడండి. రంగుకీ రంగుకీ మధ్య గాజు పట్టీలు నిలబెట్టి, చలవరాతి ముక్కలు పరిచి, ఆరాక రాయితో రుద్ది తేల్చిన పూలు అవి. ఈ ఇళ్ళకు వారసత్వ సంపద అనే గౌరవం ఇంకా దక్కలేదు. అందుకే మండువాల కంటే ముందు ఇవే కూలిపోతాయేమోనని నా భయం.

ఇప్పుడు సింహద్వారాల మీద లక్ష్మీదేవిని కంప్యూటర్ మరలు చెక్కుతున్నాయి. చిలకలు రెండూ అచ్చంగా ఒక్కలాగే వస్తున్నాయి. అయినా గుమ్మం ఎత్తే రోజున గడప కింద నవధాన్యాలు వేస్తున్నాం, వడ్రంగికి కొత్త బట్టలు పెడుతున్నాం.

మీ ఊళ్ళో పాత ఇల్లు దించుతుంటే తలుపులు బేరానికి వెళ్ళకముందే ఒకసారి వెళ్ళండి. పైకప్పు దూలాల్లో చెక్కకు చెక్క అతికిన చోట వడ్రంగి తన గుర్తుకు పెట్టుకున్న ఉలి గాట్లు ఉన్నాయేమో చూసి ఫొటో తియ్యండి. ఆ ఇంటి పెద్దవాళ్ళను కట్టిన మేస్త్రి ఎవరో, వడ్రంగి ఏ ఊరివాడో అడగండి. చెప్పగలిగినవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. ఆ పేర్లు రాసిపెట్టండి.