పట్టికలో మన చోటు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికమీద పరీక్షాఫలితములను గూర్చి ప్రసంగించుట మాకు వాడుక. నేడు పట్టికలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. అది గుమాస్తాల పని, మనకేల యని తలపవలదు. మన బిడ్డలకు తెలుగు బోధన నిలుచుట చాలవరకు పట్టికలమీదనే ఆధారపడియున్నది.

బడి మొత్తములో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉన్నచో వారి మాతృభాషలో బోధించుటకు ఏర్పాటు చేయవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేరి, ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు సౌకర్యములు కల్పింపవలెనని చెప్పెను. 5వ తరగతి వరకు బడి ఒక కిలోమీటరు నడకదూరములో ఉండవలెనని 2010 నాటి కేంద్ర విద్యాహక్కు నియమములు చెప్పినవి. కావున మన బిడ్డలు ఎందరు అనునది ఒక ప్రశ్న. ఎక్కడ అనునది మరియొక ప్రశ్న. మొదటిదానికి హాజరుపట్టీ చాలును. రెండవదానికి చాలదు.

గడచిన సంవత్సరము ఒక కార్యాలయమువారు మన పిల్లల నివాసముల పట్టిక కోరిరి. మా ప్రవేశపు రిజిస్టరులో ఒకచో "కొళాయి ప్రక్క" అనియు, మరొకచో ఉత్త "లైను ఇల్లు" అనియు ఉండెను. అందుచే ఫోనులో చూచి అక్షాంశ రేఖాంశములను రెండు గడులలో వ్రాసి పంపితిమి. తొందరలో కొన్నింటిని తారుమారు చేసితిమి. తప్పు మాదే. మన బంగారు గనుల ప్రాంతము ఉత్తర అక్షాంశము సుమారు 13, తూర్పు రేఖాంశము సుమారు 78. ఈ రెండును తారుమారైనచో ఆ బిందువు ఉత్తరధ్రువమునకు చేరువనున్న స్వాల్బార్డ్ ద్వీపముల తీరమున పడును! వినుటకు నవ్వు వచ్చును. కాని ఆ లెక్కలో ఆ బిడ్డలు బడికి చేరువవారు కాకపోయిరి.

ఇట్లేల జరిగెను? ఆ గడులలోనివి చోటును తెలుపునవని కంప్యూటరునకు తెలియదు. దానికవి ఉత్త అంకెలు. తేదీ గడిలో ఫిబ్రవరి 31 అని వ్రాసినచో అది అంగీకరింపదు; ఏలయన అది తేదీ యని దానికి ముందే చెప్పియున్నాము. చోటునకు కూడ అట్టి గౌరవము కావలెను.

ఆ పని ఇటీవల జరిగినది. మిక్కిలి పెద్ద పట్టికలను దాచుటకు పార్కే, ఐస్‌బర్గ్ అను పద్ధతులు లోకమున వాడుకలో నున్నవి. 2025లో ఈ రెండింటియందును చోటును తెలుపు రెండు జాతుల గడులు చేరినవి. జామెట్రీ యనునది భూమిని పరచిన కాగితమువలె నెంచును. జియోగ్రఫీ యనునది గుండ్రదనమును లెక్కలోనికి తీసికొనును. ఒక డిగ్రీ రేఖాంశము కోలారు వద్ద సుమారు 108 కిలోమీటర్లు. స్వాల్బార్డ్ వద్ద సుమారు 23 మాత్రమే. ఊరి పటమునకు మొదటిది చాలును. ఖండముల నడుమ దూరమునకు రెండవది కావలెను. రేఖాంశము ముందు, అక్షాంశము వెనుక అను క్రమము కూడ నిర్ణయమై యుండును. తప్పు వ్రాయు చేతిని అది ఆపజాలదు. కాని పంపువారికిని అందుకొనువారికిని అర్థము ఒక్కటే యగును.

అంకెలు ఏ కొలతను అనుసరించినవో కూడ ఆ పట్టికయే చెప్పును. 1800లో లాంబ్టన్ దొర బెంగుళూరు చెంత ఆధారరేఖను కొలిచెను. పిదప ఎవరెస్టు దొర లెక్కించిన భూమి ఆకారమే మన పాత సర్వే పటములకు మూలమయ్యెను. నేటి ఫోనులు అనుసరించు ఆకారము వేరు. అవే అంకెలు ఈ రెండు కొలతలలో వందల అడుగుల ఎడముగల చోట్లను చూపును.

లోతును కూడ వ్రాయవచ్చును. చాంపియన్ రీఫ్ గని లోతు 10,000 అడుగులకు మించినది. నేలమీది ఇంటికిని, దాని క్రింద మన పెద్దలు చెమటోడ్చిన సొరంగమునకును అక్షాంశ రేఖాంశములు ఒక్కటే కావచ్చును, లోతొక్కటే భేదము. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఆ చోట్ల జ్ఞాపకమైనను సరిగా నిలువవలదా?

మరియొక సౌకర్యము కలదు. పట్టికలోని ఒక్కొక్క భాగమునకు నాలుగు దిక్కుల హద్దులు ముందే వ్రాసి ఉంచవచ్చును. శానుభోగులు కాగితపు కట్టలపై ఊరిపేరు వ్రాసినట్లే యిది. బంగారుపేటను వెదకువాడు ముళబాగిలు కట్టను విప్పనక్కరలేదు.

తల్లిదండ్రులారా! మీకు మా మనవులు మూడు. బిడ్డను చేర్చునపుడు ఇంటి గుమ్మమున నిలిచి తీసిన చోటును మాకిండు. మాతృభాష గడిలో తెలుగని సంకోచింపక వ్రాయుడు. మేము వ్రాసినదానిని మీ కన్నులతో సరిచూడుడు. బిడ్డ ఇంటి చోటు పరులకు తెలియరానిది గనుక దానిని భద్రపరచుట మా బాధ్యత.

మన చోటును మనము సరిగా వ్రాసికొననిచో ఇతరులు మనలను వెదకజాలరు.