మెట్రో నష్టం ఎవరి పద్దులో?

(మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడవాళ్ల సమావేశంలో మెట్రో రైలు గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. రేషన్ గురించి, పెన్షన్ల గురించి, ఇంట్లో హింస గురించి మాట్లాడినంత ధైర్యంగా మనం పెద్ద ప్రాజెక్టుల గురించి మాట్లాడం. అవి ఇంజనీర్లు, మంత్రులు చూసుకునే సంగతులని వదిలేస్తాం. కానీ హైదరాబాద్ మెట్రో నష్టాల చర్చలోకి మనల్ని ఎప్పుడో లాగారు. మన మాట వినకుండానే ముద్దాయిలుగా నిలబెట్టారు. అందుకే ఈ రోజు ఈ విషయం ఎత్తుకున్నాను.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆరు నెలలు తిరక్కముందే, 2024 మేలో, మెట్రోను నడుపుతున్న ఎల్ అండ్ టీ ఉన్నతాధికారి ఒకరు ఉచిత బస్సుల వల్ల మెట్రోకి ప్రయాణికులు తగ్గుతున్నారని ప్రకటించారు. లోక్‌సభ ఎన్నికల ప్రచార కాలంలో ప్రధానమంత్రి కూడా ఒక ఇంటర్వ్యూలో ఇదే వాదన వినిపించారు. మెట్రో కట్టిన ఊళ్లోనే ఆడవాళ్లకు బస్సు ఉచితం చేస్తే మెట్రో ఎలా నడుస్తుందని ఆయన ప్రశ్న. అప్పటినుంచి ఇది టీవీ చర్చల్లో, టీ కొట్ల దగ్గర అందరూ ఒప్పుకున్న నిజమైపోయింది.

ఇది నిజమేనా? మనమే లెక్క చూద్దాం.

మెట్రో సంస్థ నష్టం 2021–22లో 1,700 కోట్ల రూపాయలు దాటింది. 2022–23లో 1,300 కోట్లు దాటింది. ఆ రెండేళ్లలో ఏ ఆడమనిషీ జీరో టికెట్ పుచ్చుకోలేదు. ఆ పథకమే లేదు. పథకం మొదలైన 2023–24లో నష్టం సుమారు 555 కోట్లు. ఏడాది పొడవునా పథకం నడిచిన 2024–25లో సుమారు 626 కోట్లు. నష్టం తగ్గడానికి సంస్థ తన ఆస్తుల మీద సంపాదించిన డబ్బు కూడా కారణమే, అది దాచనక్కర్లేదు. బస్సు ఉచితం కాబట్టి మెట్రో మానేసిన స్త్రీలు కొందరు ఉండవచ్చు, అదీ కాదనను. కానీ అసలు గొయ్యి మనం బస్సెక్కక ముందే తవ్వి ఉంది. దాన్ని ఎవరు తవ్వారో చూడాలి.

2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్రాజెక్టుని మేటాస్ నాయకత్వంలోని కంపెనీల కూటమికి అప్పగించింది. మామూలుగా ఇలాంటి పనులకి కంపెనీలు ప్రభుత్వాన్ని సాయం అడుగుతాయి. మేటాస్ మాత్రం తిరిగి ప్రభుత్వానికే 30,311 కోట్లు ఇస్తానంది. రైలు టికెట్ల మీద అంత డబ్బు ఎలా వస్తుంది? ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ఆనాడే ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. ఇది రైలు వ్యాపారం కాదని, మెట్రో పేరుతో ఇచ్చే భూముల వ్యాపారమని ఆయన హెచ్చరిక. రాష్ట్ర ప్రభుత్వం ఆ మాట పరిశీలించడానికి బదులు ఆయన్నే క్షమాపణ చెప్పమంది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. అదే ఏడాది జూలైలో మేటాస్ ఒప్పందం రద్దయింది.

2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. 12,132 కోట్ల అంచనా, 35 ఏళ్ల ఒప్పందం, కేంద్రం నుంచి 1,458 కోట్ల సాయం. ఈసారీ భూమి ఉంది. దాదాపు 269 ఎకరాల్లో కోటీ 85 లక్షల చదరపు అడుగుల కట్టడాలకు హక్కు. టికెట్లతోపాటు మాల్స్, ఆఫీసుల అద్దెలు కలిస్తేనే ప్రాజెక్టు గట్టెక్కుతుందన్నది అసలు లెక్క. స్థల సేకరణలో ఆలస్యం, మార్గం మీద తగవులు, రాష్ట్ర విభజన, వీటన్నిటి మధ్య వ్యయం పెరిగింది, అప్పు పెరిగింది. మొదటి రైలు 2017 నవంబరులో నడిచింది. 69 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి 2020 ఫిబ్రవరి. మరో నెలన్నరకే కోవిడ్ వచ్చి 169 రోజులు రైళ్లు ఆగిపోయాయి. ఆ తర్వాత ఇంటినుంచే ఉద్యోగాలు. వడ్డీ మాత్రం ఒక్కరోజూ ఆగలేదు.

ఈ కారణాల వరుసలో జీరో టికెట్ ఆఖరున వస్తుంది. నింద మాత్రం ముందు దానికే ఎందుకు తగిలింది? కంపెనీకి వేల ఎకరాలిచ్చినా, వందలెకరాలిచ్చినా దాన్ని అభివృద్ధి అంటారు. కూలికి వెళ్లే మనిషికి ముప్పై రూపాయల టికెట్ మాఫీ చేస్తే ఉచితాలంటారు. 2008లో భూముల సంగతి అంత స్పష్టంగా చెప్పిన శ్రీధరన్ గారే, 2019లో ఢిల్లీ ప్రభుత్వం స్త్రీలకు మెట్రో ఉచితం చేస్తానన్నప్పుడు వద్దని ప్రధానికి లేఖ రాశారు. మంచి ఇంజనీరుకి కూడా మన ప్రయాణం ఖర్చుగానే కనిపిస్తుంది. మనం చేరుకునే పని, చదువు, ఆసుపత్రి ఆ లెక్కలోకి రావు.

ఇంకో సంగతి. మొదటి దశలో కట్టకుండా మిగిలిపోయింది ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా, పాతబస్తీలోని ఐదున్నర కిలోమీటర్లే. 2024 మార్చి 8న, మహిళా దినం నాడే, అక్కడ శంకుస్థాపన చేశారు. పాతబస్తీలో ఇంట్లో కుట్టుపని, గాజుల పని చేసుకునే ఆడవాళ్లకు ఆ మెట్రో ఎక్కలేని ధరకి వస్తే, ఇల్లో కొట్టో పోగొట్టుకున్న వాళ్లకి మిగిలేదేమిటి?

ఇప్పుడు ఈ మాటలు ఎందుకంటే, 2025 సెప్టెంబరులో మొదటి దశ మెట్రోను ప్రభుత్వమే తీసుకోవడానికి ఎల్ అండ్ టీతో అంగీకారం కుదిరింది. సుమారు 13,000 కోట్ల అప్పు ప్రభుత్వం నెత్తికెత్తుకుంటుంది. కంపెనీ వాటాకి మరో 2,000 కోట్లు ఇస్తుంది. ప్రభుత్వం కట్టాలా, ప్రైవేటు కట్టాలా అని పార్టీలు వాదించుకుంటాయి. ఎవరు కట్టినా అప్పు తీర్చేది మనమే. రేపు ఖజానా ఖాళీ అయిందన్న మాట రాగానే మొదటి వేటు జీరో టికెట్ మీద పడకుండా ఇప్పుడే అడ్డుకోవాలి.

2025 మేలో కనిష్ఠ ఛార్జీ 10 నుంచి 12కి, గరిష్ఠం 60 నుంచి 75కి పెంచారు. గొడవ చేస్తే తగ్గించి 11, 69 చేశారు. గొడవ చేస్తే తగ్గుతుందన్నమాట! ఈ ఛార్జీలు సిఫారసు చేసింది 2002 నాటి మెట్రో చట్టం ప్రకారం వేసిన కమిటీ. అందులో ఒక హైకోర్టు జడ్జి లేదా మాజీ జడ్జి, కేంద్రం తరఫున ఒకరు, రాష్ట్రం తరఫున ఒకరు, అంతే. వారి సిఫారసు మెట్రో పాటించి తీరాలి. ప్రయాణికులకి అందులో చోటు లేదు.

కాబట్టి మనం చేయగలిగినవి మూడున్నాయి. ఈసారి కమిటీ వేసినప్పుడు రాష్ట్రం తన సభ్యురాలిగా పేద ప్రయాణికుల సంగతి తెలిసిన స్త్రీని పంపాలని అడుగుదాం. బస్సూ, మెట్రో ఒకే ప్రభుత్వం చేతికి వస్తున్నాయి కాబట్టి రెండిటికీ కలిపి ఒకే టికెట్ కావాలందాం, అప్పుడు ఒకదాని ప్రయాణికుల్ని ఇంకొకటి లాక్కుందన్న మాటే ఉండదు. సమాచార హక్కు చట్టం కింద అప్పు పత్రాలు, భూముల లీజులు, అద్దె రాబడి వివరాలు తెప్పించి బస్తీల్లో చదివి వినిపిద్దాం. వచ్చే నెలలోపు ప్రతి సంఘం ఒక దరఖాస్తైనా వేయాలని నా కోరిక.